తొడలపై బత్తాయి తొక్కలాంటి గుంటలు: నూనెలు, ఆకులు, ఉబ్టన్ ఎంతవరకు పనిచేస్తాయి?

తొడలు, పిరుదులు, పొట్ట, మోచేతి పైభాగంలో చర్మం నున్నగా లేకుండా చిన్న చిన్న గుంటలు పడి, బత్తాయి తొక్కలా కనిపించడాన్ని సెల్యులైట్ అంటారు. తెలుగులో దీనికి స్థిరమైన పేరు లేదు. ఉర్దూలోనూ మన ఇళ్లల్లో వాడే పేరేమీ లేదు. పేరు లేకపోయినా చింత మాత్రం ఉంది. ముఖ్యంగా షాదీ కుదిరిన అమ్మాయిలు, కాన్పు తర్వాత బరువు పెరిగిన తల్లులు దీని గురించి బయటికి అడగలేరు. ఫోన్‌లో వెతుకుతారు, కనిపించిన నూనెకు ఆర్డర్ పెడతారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి చిన్న పట్టణాల్లో చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటం ఎక్కువ కాబట్టి ఈ వ్యాపారం బాగా నడుస్తుంది.

అసలు ఇది ఏంటి, ఇంటి చిట్కాల్లో ఏది కొంచెం పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలో చూద్దాం.

ఇది జబ్బు కాదు

యుక్తవయసు దాటిన ఆడవాళ్లలో నూటికి 80 నుంచి 90 మందికి ఎంతో కొంత సెల్యులైట్ ఉంటుందని చర్మ వైద్యుల అంచనా. సన్నగా ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. ఈ పదం ఫ్రాన్స్‌లో పుట్టింది. 1960ల చివర్లో ఫ్యాషన్ పత్రికలు దీన్ని పెద్ద సమస్యగా చూపించాక ప్రపంచమంతా పాకింది. అంతకు ముందు ఇది ఆడవాళ్ల ఒంటికి మామూలు విషయమే.

చర్మం కింద కొవ్వు పొర ఉంటుంది. ఆ కొవ్వు మధ్య నుంచి దారాల్లాంటి పోగులు చర్మాన్ని లోపలి కండకు కట్టి ఉంచుతాయి. ఆడవాళ్లలో ఈ పోగులు ఎక్కువగా నిలువుగా ఉంటాయి. పోగు చర్మాన్ని కిందికి లాగుతుంది, పక్కనున్న కొవ్వు పైకి పొంగుతుంది. పరుపుకు కుట్లు వేసినచోట గుంట పడినట్టే ఇదీను. మగవాళ్లలో పోగులు అడ్డదిడ్డంగా అల్లుకొని ఉంటాయి, చర్మం కూడా మందం. అందుకే వాళ్లకు అరుదు. హార్మోన్లు, వంశం, వయసు, బరువు, కదలిక లేకపోవడం దీన్ని పెంచుతాయి.

కాబట్టి పైన రాసే నూనె గానీ లేపనం గానీ లోపలి పోగును తెంచలేదు. "15 రోజుల్లో పూర్తిగా మాయం" అన్న మాట ఎక్కడ కనిపించినా నమ్మొద్దు.

ఇంట్లో ఉన్నవాటిలో ఏది ఎంత?

కాఫీ పొడి: కాఫీలోని కెఫీన్ చర్మం కింది కణాల్లో నీటిని కొంత తగ్గించి, గుంటలు తక్కువ కనిపించేలా చేస్తుంది. ఈ ఫలితం తాత్కాలికమే. రోజూ రాయాలి, మానేస్తే మళ్లీ మొదటికే. రెండు చెంచాల కాఫీ పొడి, ఒక చెంచా కొబ్బరి నూనె కలిపి 5 నిమిషాలు మెల్లగా రుద్ది కడగొచ్చు. ఇంట్లో కలిపే పొడిలో కెఫీన్ ఎంత చర్మంలోకి దిగుతుందో లెక్క ఉండదు, కాబట్టి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. గట్టిగా తోమితే చర్మం గీసుకుపోతుంది.

నూనె మర్దన: నువ్వుల నూనె, జైతూన్, కలోంజీ, భూపాలపల్లి అడవి పల్లెల్లో దొరికే ఇప్ప నూనె, ఏదైనా సరే. మర్దనతో రక్తం బాగా ఆడుతుంది, చర్మం మెత్తబడుతుంది, కొన్ని గంటలపాటు నున్నగా కనిపిస్తుంది. కొవ్వు మాత్రం కరగదు. ఖరీదైన నూనె, ఇంట్లో నూనె మధ్య పెద్ద తేడా రాదు.

ఉబ్టన్: శనగపిండి, పసుపు, పాలు కలిపిన మన పాత ఉబ్టన్ మురికిని, పొడి చర్మాన్ని తీసి మెరుపు ఇస్తుంది. అది పైపొర పని. గుంటలకు మందు కాదు.

సరస్వతి ఆకు: దీని సారాన్ని చర్మపు క్రీముల్లో వాడతారు. చర్మం గట్టిపడటానికి సాయపడొచ్చు అంటారు గానీ సెల్యులైట్‌పై ఆధారాలు బలంగా లేవు.

నిమ్మరసం, వెనిగర్, వెల్లుల్లి: వీటిని చర్మంపై రుద్దొద్దు. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్ల మచ్చలు పడతాయి. వెనిగర్, వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తాయి.

యునానీ ఏం చెబుతుంది?

యునానీలో ఇలాజ్ బిత్ తద్‌బీర్ అనే పద్ధతి ఉంది. మర్దన అంటే దల్క్, వ్యాయామం అంటే రియాజత్, హమ్మామ్, హిజామా అందులోకే వస్తాయి. ఒళ్లు పెరగడానికి తిండి అదుపు, రియాజత్ ముందు చెప్పి తర్వాతే మందు ఇవ్వడం మంచి హకీముల పద్ధతి.

హిజామాతో సెల్యులైట్ పోతుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. చేయించుకోవాలనుకుంటే అర్హత ఉన్న వైద్యుడి దగ్గరే, మీ కళ్లముందు విప్పిన కొత్త బ్లేడు, కొత్త కప్పులతోనే చేయించుకోవాలి. శుభ్రత లేకపోతే హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకుంటాయి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

సలహా కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసం జాతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. చార్మినార్ పక్కన నిజామియా టిబ్బీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

మింగే మందులతో జాగ్రత్త

"హెర్బల్ కదా, ఏం కాదులే" అనుకోవడమే అసలు ప్రమాదం. గ్రీన్ టీ తాగడం వేరు, దాని సారాన్ని గట్టిగా దట్టించిన మాత్రలు మింగడం వేరు. ఆ మాత్రల్లోని ఇజిసిజి అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. గార్సీనియా మాత్రలతో కూడా కాలేయం పాడైన కేసులున్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇలాంటివి ముట్టుకోవద్దు.

ఇంకో మాట. ఊబకాయం తగ్గిస్తామని మందుల ప్రకటన ఇవ్వడం 1954 నాటి మాయ మందుల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. మొదటిసారి తప్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. సీసా మీద లైసెన్స్ నంబర్, తయారీదారు పూర్తి చిరునామా, బ్యాచ్ నంబర్, గడువు తేదీ లేకపోతే కొనొద్దు.

ఖర్చు లెక్క కూడా వేసుకోండి. నెలకు 500 రూపాయల సీసా అనుకుంటే ఆరు నెలలకు 3,000. గుంటలు మళ్లీ అలాగే ఉంటాయి. అదే డబ్బుకు ఒక జత మంచి వాకింగ్ షూస్ వస్తాయి, వాటి లాభం గుండెకూ షుగర్‌కూ అందుతుంది.

నిజంగా సాయపడేది

తొడ, పిరుదు కండరాలు గట్టిపడితే పైన చర్మం బిగుతుగా కనిపిస్తుంది. జిమ్ అక్కర్లేదు, డాబా మీద చేసుకోవచ్చు.

కుర్చీలో కూర్చొని చేతులు ఆనించకుండా లేవడం: 10 సార్లు చొప్పున మూడు విడతలు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం: 10 సార్లు చొప్పున రెండు విడతలు. వారానికి కనీసం రెండు రోజులు ఇవి చేయాలి. దీనికి తోడు వారానికి 150 నిమిషాల చురుకైన నడక, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు.

తిండిలో జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు, గుడ్లు పెంచి, వేపుళ్లు, బేకరీ సరుకు, చక్కెర చాయ్ తగ్గించాలి. బరువు మెల్లగా తగ్గాలి. ఉపవాసాలతో, క్రాష్ డైట్‌తో ఒక్కసారిగా తగ్గితే చర్మం వదులై గుంటలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి.

డాక్టర్ల దగ్గర లేజర్, పోగులను కత్తిరించే చిన్న ప్రక్రియల్లాంటివి ఉన్నాయి. ఖర్చెక్కువ, ఫలితం అందరికీ ఒకేలా ఉండదు. అమెరికాలో 2020లో అనుమతి పొందిన ఒక ఇంజెక్షన్‌ను కంపెనీయే రెండేళ్లకు ఆపేసింది.

ఇది సెల్యులైట్ కాకపోవచ్చు

ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. సెల్యులైట్ నొప్పి పెట్టదు, ఎర్రబడదు, జ్వరం తేదు.

పేరు దగ్గరగా ఉండే సెల్యులైటిస్ పూర్తిగా వేరు. అది చర్మం లోపల సూక్ష్మజీవుల ఇన్ఫెక్షన్. సాధారణంగా ఒక కాలు ఎర్రగా, వేడిగా వాచి, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. జ్వరం, చలి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. నూనె రాసి మర్దన చేస్తూ కూర్చోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, యాంటీబయాటిక్ కావాలి.

పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి వస్తే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దానికీ మర్దన చేయకూడదు, అదీ అత్యవసరమే.

ఒక కాలు మెల్లగా నెలల తరబడి వాస్తుంటే బోదకాలు అనుమానించాలి. దాని రక్త పరీక్ష మామూలుగా రాత్రిపూట చేస్తారు.

రెండు కాళ్లూ సమానంగా లావెక్కి, నొక్కితే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవడం, పాదాలు మాత్రం మామూలుగా ఉండటం లిపెడిమా లక్షణాలు. ఇదీ డాక్టర్ చూడాల్సిందే.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో, లేదా వరంగల్ ఎంజీఎంలో చూపించుకోవచ్చు. ఓపీలో లేడీ డాక్టర్ కావాలని అడగడానికి మొహమాటపడొద్దు.

గుంటలు అలాగే ఉండిపోయినా ఆరోగ్యానికి నష్టం లేదు. షాదీకి ముందు అమ్మాయికి ఈ మాట అమ్మే చెప్పాలి. ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పెట్టే కాలికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.