కణపు పొర కథలో ఒక తెలుగు పేరు

నువ్వులు పండే మన శ్రీకాకుళం, విజయనగరం సీమలలో నూనెకు, నీటికి పొత్తు కుదరదని పిల్లలకు సైతము తెలుసును. ఆ పొత్తు లేకపోవుటయే ప్రాణికోటికి ఆధారమన్న సంగతి తేలుటకు మాత్రము చాలకాలము పట్టినది. లండనులోని ఒక చెరువులో చెంచాడు నూనె పోయగా అది సుమారు అర ఎకరము మేర పరచుకొని అలలను అణచినదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో ప్రకటించినారు. ఆ పొర మందమెంతో ఆయన లెక్కింపలేదు.

1925లో హాలెండు దేశపు లైడెన్ నగరమున గోర్టర్, గ్రెండెల్ అను ఇరువురు ఎఱ్ఱ రక్తకణముల నుండి కొవ్వును వేరుచేసి నీటిపై పరచి చూచినారు. అది కణముల ఉపరితలమునకు రెట్టింపు వైశాల్యమును ఆక్రమించినది. కనుక కణపు పొరలో కొవ్వు రెండు వరుసలుగా ఉండవలెనని వారు నిర్ణయించినారు. వారి కొలతలలో రెండు పొరపాట్లున్నవనియు, అవి ఒకదాని నొకటి సరిపెట్టుకొన్నవనియు తరువాత తేలినది. నిర్ణయము మాత్రము నిలిచినది. ఆ పొర మందము మిల్లీమీటరులో సుమారు రెండు లక్షలవ వంతు.

అదే 1925లో, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున, భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆచార్య ఫిస్కేతో కలసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించినారు. భాస్వరము హెచ్చిన కొలది ద్రావణములో నీలిరంగు చిక్కనగును. కణపు పొరలోని ముఖ్యమైన కొవ్వులలో అణువునకొక భాస్వర పరమాణువు కలదు. కనుక భాస్వరపు లెక్క తెలిసినచో కొవ్వు లెక్క తెలిసినట్లే. 1959లో బార్ట్‌లెట్ ఈ పద్ధతిని సవరించి కొవ్వుల పరీక్షకు అనువుగా తీర్చినారు. 1964 ప్రాంతమున ఇంగ్లండులో బాంఘామ్, ఇట్టి కొవ్వులు నీటిలో తమంతట తామే కణమువంటి బుడగలుగా ఏర్పడునని చూపినారు. వానికే లైపోసోములని పేరు. వానిలో కొవ్వు ఎంత కలదో తేల్చుటకు ఆ నీలిరంగే నేటికిని సాక్ష్యము చెప్పుచున్నది.

అతిసూక్ష్మ రేణువు పొరను తాకిన ఏమగును? ఆకర్షణ బలము పొర వంగుటకు పట్టు శ్రమను మించినచో, పొర రేణువును చుట్టుకొని లోనికి తీసుకొనును. కొన్ని రేణువులు పొరను చీల్చును. రాతిగనులలోని స్ఫటిక ధూళి రక్తకణములను ఇట్లే పగులగొట్టగలదు. ఈ ఎరుకనే వైద్యము తనకు అనుకూలముగా మలచుకొన్నది. 2020 డిసెంబరులో వాడుకలోనికి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ టీకాలలో మందును మోయునది కొవ్వు రేణువే. రక్తములో దానికి విద్యుదావేశము దాదాపు ఉండదు. కణములోని ఆమ్లపు సంచి చేరగానే ధనావేశము పొంది, ఆ సంచి పొరతో కలసి, మోసిన దానిని విడుచును.

సుబ్బారావుగారు ఇవి చూడలేదు. హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, 1948లో కన్నుమూసినారు. ఆయన నడిపిన ఆ పరిశోధన శాఖ నుండియే బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీను వచ్చినది. మన జిల్లాలలో ఇంటింటా పంచిన మాత్ర అదియే. దానిని మింగిన వారిలో ఆయన పేరు ఎరిగినవారు ఎందరు? మాత్ర ఇంటికి చేరినది, పేరును చేర్చవలసిన పని మనది.