నీటి అడుగున పొడి చేయి

2025 జూలై 18న విశాఖపట్టణమున ‘నిస్తార్’ అను నౌక భారత నౌకాదళమున చేరినది. హిందూస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన ఈ నౌకనుండి డైవర్లు 300 మీటర్ల లోతువరకు దిగి పనిచేయగలరు. విశాఖ తీరమున పైనీరు వెచ్చనిది. అచ్చట వట్టి చేతులే చాలును. లోతునకు పోయినకొలది చలి హెచ్చును, వ్రేళ్లు మొద్దుబారును. గాలికన్న నీరు సుమారు 25 రెట్లు అధికముగా ఉష్ణమును వహించును గదా!

పూర్వపు డైవరు వంగినచో అతని దుస్తులోనికి నీరు చొచ్చెడిది. 1837లో లండనులో ఆగస్టస్ సీబే శిరస్త్రాణమును దుస్తునకు బిగించి ఆ బాధ తప్పించెను. ఇట్టి దుస్తులలో మణికట్టువద్ద పట్టీ బిగిసియుండును. చేయి మాత్రము నీటి పాలే.

చలి సముద్రములలో పొడి చేతితొడుగును దుస్తు చేతికొననున్న వలయమునకు తగిలింతురు. లోపల ఉన్ని తొడుగు పట్టునంత వదులుండవలెను. మరీ వదులైనచో వ్రేళ్లకు పట్టు చిక్కదు.

అసలు చిక్కు గాలితో వచ్చినది. 10 మీటర్ల లోతున పీడనము రెట్టింపై, తొడుగులోని గాలి సగమగును. తొడుగు చేతిని నొక్కును, వెచ్చదనము పోవును. అందుచే పట్టీక్రింద సన్నని గొట్టమునో దారమునో దూర్చి, దుస్తులోని గాలిని చేతికి రానిత్తురు. తొడుగు చిరిగినచో ఆ దారినే నీరు దుస్తులో ప్రవేశించును! దారి మూసినచో చేతికి చలి, తెరచినచో దేహమునకు అపాయము.

మిక్కిలి లోతున పద్ధతి వేరు. పైనుండి గొట్టముద్వారా వేడినీటిని దుస్తులోనికి పంపుదురు. అచ్చట చేయి తడిసియే వెచ్చగా నుండును.