రాత్రి ప్రయాణాలు - ఎవరు మేలుకున్నారు?

ప్రతి సంక్రాంతికీ మా ఇంట్లో ఒకటే గొడవ. శ్రీ సిటీలో ఆఫీసు అయ్యాక రాత్రికి రాత్రే కారులో బయల్దేరడమా, లేక శుభ్రంగా పడుకుని లేచి తెల్లవారుజామున బయల్దేరడమా అని. వెళ్ళాల్సింది కొవ్వూరు, దూరం సుమారు 550 కిలోమీటర్లు. చాలాకాలం రాత్రి పార్టీకి నాయకుణ్ణి నేనే. నా వాదనలు మీకు తెలియనివి కావు. ఎండ ఉండదు, ట్రాఫిక్ ఉండదు, పిల్లలు వెనక సీట్లో పడుకుంటారు, ఒక సెలవు మిగులుతుంది. వీటికీ లొంగకపోతే ఆఖరి అస్త్రం: "మన తాతల కాలం నుంచీ అందరూ రాత్రిళ్ళే ప్రయాణం చేసేవాళ్ళు కదా!"

ఈ ఆఖరి అస్త్రం నిజమేనా అని ఈమధ్య కాస్త వెనక్కి వెళ్ళి చూశాను. నిజమే. కాకపోతే అందులో నేను ఇన్నాళ్ళూ గమనించని మెలిక ఒకటుంది.

మా తాతయ్య ధాన్యం బండి కట్టుకుని రాత్రిళ్ళే వెళ్ళేవాడట. పగటి ఎండకి ఎద్దులు అలిసిపోతాయి కాబట్టి చల్లబడ్డాక బండి కట్టడం అప్పట్లో మామూలే. బండి కింద ఇరుసుకి ఒక లాంతరు వేలాడేది. తెలిసిన దారిలో పడ్డాక తాతయ్య గడ్డి మీద వాలి గురక పెట్టేవాడని మా మామ్మ నవ్వుతూ చెప్పేది. తెల్లారేసరికి ఎద్దులే ఇంటి ముందు ఆగేవి. అంటే రాత్రి ప్రయాణం చేసింది తాతయ్యే, కానీ మేలుకుని నడిచింది ఎద్దులు!

ఇంకా వెనక్కి వెళ్తే ఏనుగుల వీరాస్వామయ్య గారున్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళి, తిరుగు ప్రయాణంలో కోస్తా దారి పట్టుకుని 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. ఆయనది పల్లకీ ప్రయాణం, మోసేది బోయీలు. ఆ రోజుల్లో ప్రయాణాన్ని కొలిచేది కిలోమీటర్లలో కాదు, మజిలీల్లో. ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, సామాన్లు దొరుకుతాయా లేదా అన్నది ఆయన ఊరూరా రాసుకుంటూ పోయారు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు ఆ తర్వాత రాసిన కాశీమజిలీ కథలకి ఆ పేరెందుకొచ్చిందో ఆలోచించండి. మజిలీ ఉంటేనే కథ. దిగాలి, వండుకోవాలి, పడుకోవాలి. ఆగడం ప్రయాణంలో ఒక భాగం.

తర్వాత రైళ్ళొచ్చాయి. 1899లో బెజవాడకీ మద్రాసుకీ రైలు మార్గం కలిసింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన మొదలైంది. సాయంత్రం ఎక్కి పొద్దున్నే దిగడం అనే అద్భుతమైన అలవాటు మనకి అక్కణ్ణుంచే వచ్చింది. ఇక్కడ కూడా నిద్రపోయేది మనం, మేలుకునేది ఇంజన్లో ఉన్న డ్రైవరూ, అతని సహాయకుడూ. అంతటితో ఆగలేదు. ఇప్పటి రైలింజన్లలో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అని ఒకటుంటుంది. డ్రైవరు ఒక నిమిషం పాటు ఏ మీటా, ఏ లీవరూ ముట్టుకోకపోతే ముందు దీపం వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ పలక్కపోతే బ్రేకులు పడిపోతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, మన వాచ్‌డాగ్ టైమరే. ప్రోగ్రాము "బతికే ఉన్నాను" అని ఎప్పటికప్పుడు చెప్పకపోతే సిస్టాన్ని రీసెట్ చేసేస్తుంది.

బస్సుల విషయానికొస్తే, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకి రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది. ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి అంది. అమలు ఎలా జరిగిందన్నది వేరే కథ. కనీసం కాగితం మీదైనా, బండి నడిపేవాడికి నిద్ర అవసరం అని ఎవరో ఒకరు గుర్తించారు. సొంత కారు నడిపేవాడికి అలాంటి కాగితం కూడా లేదు.

ఇక మన రోడ్డు. అప్పుడు ఎన్‌హెచ్ 5, ఇప్పుడు 16. కొవ్వూరు - రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది. అంతకుముందు అక్కడ కారైనా సరే పంటు ఎక్కి గోదారి దాటాల్సిందే. పంటు కోసం కాచుకోవాలి, టీ తాగాలి, నలుగురితో మాట్లాడాలి. 1999లో స్వర్ణ చతుర్భుజికి శంకుస్థాపన జరిగి, తర్వాతి సంవత్సరాల్లో రోడ్డు నాలుగు వరసలయింది, ఊళ్ళ పక్క నుంచి బైపాసులొచ్చాయి. తడ దగ్గర భీమునివారిపాలెం చెక్‌పోస్టులో లారీలు బారులు తీరి ఉండేవి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల తనిఖీ పోయింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోల్‌గేటు దగ్గర అద్దం దించే పని కూడా తప్పింది.

ఇవన్నీ మంచి మార్పులే, నేను పంటు మళ్ళీ రావాలని కోరుకోవడం లేదు :) కానీ గమనించండి. రోడ్డు మనల్ని బలవంతంగా ఆపే చోట్లన్నీ ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఎద్దుల్లేవు, బోయీల్లేరు, సత్రం లేదు, పంటు లేదు. ఆగాలా వద్దా అన్న నిర్ణయం మొత్తం స్టీరింగు ముందు కూర్చున్న ఒక్కడి మీద పడింది. తెల్లవారుజాము మూడింటికి ఆ నిర్ణయం తీసుకోవడానికి అంతకంటే పనికిరానివాడు ఇంకొకడుండడు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నాలుగేళ్ళ క్రితం సంక్రాంతికి ఆ రోజు పొద్దున్న ఆరింటికి లేచి, ఆఫీసు చూసుకుని, రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "ఏం సార్, రేత్రికే పోతుండారా? తెల్లార్తో పోకూడదా?" అన్నాడు. నవ్వేసి వచ్చేశాను. నెల్లూరులో భోజనం, కావలి దగ్గర టీ. తర్వాత ఒంగోలు బోర్డు కనబడింది. మధ్యలో సింగరాయకొండ ఎప్పుడు దాటానో తెలీదు. ఇప్పటికీ గుర్తు లేదు. ఆ బోర్డు చూసిన కాసేపటికే "ఏవండీ!" అని మా ఆవిడ కేక. రోడ్డు వారన దీపాల్లేకుండా ఆగి ఉన్న లారీ వెనక భాగం అద్దం నిండా కనిపించింది. స్టీరింగు తిప్పాను. జానెడు దూరంలో తప్పింది. మా అమ్మాయి వెనక సీట్లో నిద్ర కూడా లేవలేదు.

ఒక పెట్రోలు బంకులో కారు ఆపి తెల్లారేదాకా కూర్చున్నాం. లెక్క వేసుకుంటే, గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ నాలుగు సెకన్లు కళ్ళు మూతపడితే కారు 111 మీటర్లు దానంతటది వెళ్ళిపోతుంది. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ప్రకారం, 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో డ్రైవింగుకి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. ఆ రాత్రి నేను మేలుకుని ఇరవై గంటలు దాటింది. జీవితంలో మందు ముట్టనివాణ్ణి, పిల్లని వెనక కూర్చోబెట్టుకుని తాగినవాడిలా బండి నడిపానన్నమాట. పైగా తాగినవాడి దగ్గర వాసనైనా వస్తుంది.

ఇదే రోడ్డు మీద, రణస్థలం దగ్గర, 2012 నవంబరు 2 అర్ధరాత్రి దాటాక కింజరాపు ఎర్రన్నాయుడు గారు వెళ్తున్న కారు ట్యాంకరుని ఢీకొని ఆయన చనిపోయారు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాలెం దగ్గర బెంగుళూరు - హైదరాబాదు వోల్వో బస్సు తగలబడి 45 మంది పోయారు. వీటిలో నిద్ర పాత్ర ఉందని నేననడం లేదు. రాత్రి పూట ప్రతి చిన్న తప్పుకీ మూల్యం ఎక్కువ అని మాత్రమే అంటున్నాను.

"పగలు మాత్రం ప్రమాదాలు జరగవా?" అంటాడు మా తోడల్లుడు. జరుగుతాయి. పగలు ట్రాఫిక్ ఎక్కువ, అడ్డొచ్చే బైకులూ ఎక్కువ. కానీ పగలు అవి కనబడతాయి, నాకు మెలకువ ఉంటుంది. "టీ తాగితే సరి" అనేవాళ్ళకి కావలి టీ సంగతి పైన చెప్పాను. కొత్త కార్లు గీత దాటితే బీప్ కొడతాయట, మంచిదే, కానీ నా కారుకి అది లేదు. లారీ డ్రైవర్లకీ, మా దగ్గర నైట్ షిఫ్టు బస్సులు నడిపేవాళ్ళకీ రాత్రి వద్దనుకునే వీల్లేదు. వాళ్ళకి కావలసింది నీతులు కాదు, బండి పక్కకి పెట్టుకుని పడుకునే చోటూ, పడుకోనిచ్చే యజమానీ. నాకు మాత్రం అలాంటి బలవంతం లేదు. నేను మిగుల్చుకోవాలనుకున్నది ఒక్క సెలవు.

అంచేత ఇప్పుడు మా ఇంట్లో రూలు ఇది. ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకి నిద్ర, ఉదయం ఐదున్నరకి ప్రయాణం. రెండు గంటలకోసారి మజిలీ. ఏ కారణం చేతనైనా చీకటి పడి రాత్రి పది దాటితే ఏ ఊరైనా సరే లాడ్జి. అమ్మ "మధ్యాహ్నం భోజనానికి అందరూ వచ్చేశారు, మీరే లేరు" అని ఇప్పటికీ సణుగుతుంది. సాయంత్రం నాలుగింటికి చేరి చల్లారిపోయిన పులిహోర తింటున్నాం. బాగానే ఉంటోంది.

మళ్ళీ రాత్రి ప్రయాణం చెయ్యాలనిపిస్తే గూడూరులో రైలెక్కుతాను. మేలుకునే పని వేరేవాళ్ళు చూసుకుంటారు.