లాక్‌డౌన్ కాలపు పూచీకత్తు అప్పు

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక చిన్న పరిశ్రమలకు రాబడి ఆగింది కానీ అద్దె, జీతాలు, వడ్డీలు ఆగలేదు. రెండు రోజులకే రిజర్వు బ్యాంకు వాయిదాల చెల్లింపుపై 3 నెలల మారటోరియం ప్రకటించి, తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. వడ్డీ మాత్రం లెక్కలో పెరుగుతూనే పోయింది.

అసలు సాయం మే 13న వచ్చింది. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 3 లక్షల కోట్ల రూపాయల అత్యవసర రుణ హామీ పథకం ప్రకటించారు. ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం మేరకు కొత్త అప్పు. తాకట్టు అక్కర్లేదు, పూచీ మొత్తం కేంద్రానిదే. 50 లక్షల బాకీ ఉన్న మిల్లుకు మరో 10 లక్షలు దొరికేవి. గడువు నాలుగేళ్లు, మొదటి ఏడాది అసలు కట్టనక్కర్లేదు. బ్యాంకుల వడ్డీ 9.25 శాతం దాటకూడదు. చేతికందింది గ్రాంటు కాదు, అప్పే. పైగా అంతకుముందు బ్యాంకు అప్పు లేనివాడికి ఇందులో చోటే లేదు.

తోపుడు బండ్లవాళ్లకు జూన్‌లో పీఎం స్వనిధి కింద 10 వేల దాకా రుణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు మూడు నెలల కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు మాఫీ చేసి, పాత ప్రోత్సాహక బకాయిలు విడుదల చేసింది. ఆ బకాయిలు ఎప్పుడో రావలసిన సొమ్మే.

కేంద్రం అత్యవసర రుణ హామీ పరిమితి క్రమంగా 5 లక్షల కోట్లకు పెరిగింది. 2023 మార్చి 31తో పథకం ముగిసింది.