పొత్తిగుడ్డలు ఎవరు ఉతికారు?

చంటిపిల్లకు గుడ్డ కట్టడం మంచిదా, డైపరు వెయ్యడం మంచిదా అని అడిగితే జవాబులు చకచకా వచ్చేస్తాయి. గుడ్డ చవక, ఒంటికి గాలి తగులుతుంది, చెత్త పోగుపడదు. డైపరు వేస్తే రాత్రి నిద్ర పడుతుంది, ప్రయాణం సాగుతుంది, పక్క తడవదు. అన్నీ నిజాలే. అయితే ఈ లెక్కలో ఒక పద్దు ఎప్పుడూ రాయకుండా మిగిలిపోతుంది: ఆ గుడ్డ ఉతికేది ఎవరు? గుడ్డ పోయి డైపరు రావడానికీ, ఇప్పుడు మళ్లీ గుడ్డ వైపు కొందరు చూడటానికీ వెనక ఉన్న కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

తెలుగు ఊళ్లలో పొత్తిళ్లలోని బిడ్డకు కొత్తబట్ట వాడేవారు కాదు. కొత్త నూలుకు గంజి బిరుసు ఉంటుంది, లేత తొడలు ఒరుసుకుపోతాయి. కూతురు పురిటికి వచ్చే వేళకు అమ్మమ్మ పాతపెట్టె తెరిచి, కట్టి కట్టి నలిగిన నేతచీరలూ తాతగారి పంచెలూ తీసి, మూరెడేసి ముక్కలుగా చింపి మడతపెట్టి ఉంచేది. ముక్కను పొడుగ్గా మడిచి, కాళ్ల మధ్య నుంచి తీసి, ముందూ వెనకా మొలతాడులో దోపితే గోచీ అయిపోయేది. పిన్నీసుతో పనిలేదు. పగటిపూట చాలా ఇళ్లలో అది కూడా ఉండేది కాదు. కింద పరిచిన పక్కగుడ్డ తడిస్తే తీసి ఇంకొకటి వేసేవాళ్లు. అలా రోజుకు పదిహేను, ఇరవై ముక్కలు తడిసేవి.

ఆ సంఖ్యను తగ్గించే ఉపాయం కూడా వాళ్ల దగ్గర ఉంది. బిడ్డకు మెడ నిలిచాక తల్లి కాళ్లు చాపుకొని కూచుని, రెండు పాదాల మీద బిడ్డను కూచోబెట్టి, వీపుకు చెయ్యి ఆనించి "ఇస్స్..." అంటూ చప్పుడు చేసేది. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగిన కాసేపటికి ఒకసారి. ఆ వేళలు పెద్దవాళ్లకు బాగా తెలుసు. నెలలు గడిచేకొద్దీ బిడ్డకు ఆ చప్పుడు అలవాటై, వినగానే పని కానిచ్చేసేది. దీనికి ఖర్చు లేదు. కావలసిందల్లా బిడ్డను రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి, అంటే ఇంట్లో మరో ఆడమనిషి.

ఉతకడం దగ్గరికి వచ్చేసరికి పని రెండు చేతుల మీద పడేది. రోజువారీ తడిగుడ్డలు తల్లో, అత్తగారో, అమ్మమ్మో నూతి దగ్గర జాడించేవారు. పురిటి రోజుల్లో మాత్రం మైల అనే పేరుతో ఇంటివాళ్లు ఆ బట్టలు ముట్టుకునేవారు కాదు. అవి మూలన పోగుపడి ఉంటే చాకలి ఇంటి ఆడమనిషి వచ్చి మూటకట్టుకుని రేవుకు తీసుకెళ్లేది. నెత్తుటి మరకలు, మలం, తల్లిపాలు కారి అట్టలు కట్టిన చీరలు అన్నీ ఆ మూటలోనే. చౌడు కలిపిన నీళ్లలో నానబెట్టి, బాన మీద ఉబ్బ పెట్టి, ఆవిరి బాగా పట్టాక బండకేసి ఉతికి ఎండలో ఆరేసేవాళ్లు. చౌడులోని క్షారం మురికిని విడగొడుతుంది, ఆవిరి క్రిములను చంపుతుంది, మిగిలినది ఎండ చూసుకుంటుంది. సబ్బు, డెట్టాలు లేని కాలంలో ఎందరో పసివాళ్ల ఒంటికి శుభ్రమైన గుడ్డ అందిందంటే ఈ పనితనం వల్లే. దానికి దక్కినది కళ్లంలో ఏడాదికోసారి కొలిచే కాస్త ధాన్యం, పొద్దుగూకితే గిన్నెలో పెట్టే అన్నం, పైగా చిన్నచూపు.

తెలంగాణలో దేశ్‌ముఖుల గడీల్లో ఆ పాటి కొలత కూడా లేదు. అక్కడ చాకలివాళ్ల పని వెట్టి. 1940ల్లో ఆంధ్రమహాసభ సభలు పెట్టి వెట్టిచాకిరీ రద్దు కావాలని అడిగినప్పుడు, అందులో బట్టలుతికే చేతుల మాట కూడా ఉంది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి కౌలుచేనులోని పంటను దక్కించుకున్న చిట్యాల ఐలమ్మ ఆ కులంలో పుట్టిన మనిషే. గుడ్డలే మేలు, పాతకాలమే మేలు అని మురిసిపోయేవాళ్లు ఆ పాతకాలం లోపల ఎవరి నడుము వంగిందో కూడా చెప్పాలి.

కులం ఈ పని చేయించని దేశాల్లో దారి వేరుగా సాగింది. 1849లో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ పిన్నీసుకు పేటెంటు తీసుకుని, ఆ హక్కును 400 డాలర్లకు అమ్మేశాడు. బిడ్డకు గుచ్చుకోకుండా గుడ్డ నిలిచే సాధనం దొరికింది కానీ ఉతుకుడు తగ్గలేదు. 1930ల్లో అమెరికా నగరాల్లో డైపరు సర్వీసులు మొదలయ్యాయి. వ్యాను వచ్చి మురికిగుడ్డలు తీసుకెళ్లి, మరిగే నీళ్లలో ఉతికినవి ఇచ్చి వెళ్లేది. రెండో ప్రపంచయుద్ధంలో తల్లులు ఫ్యాక్టరీల్లో చేరడంతో వీటికి గిరాకీ ఇంకా పెరిగింది.

తరవాతి మలుపు తిప్పింది ఇద్దరు తల్లులు. గుడ్డతో పాటు పక్క కూడా తడిసిపోవడం చూసి విసిగిన మారియన్ డోనోవన్ 1946లో స్నానాలగది కర్టెన్ కత్తిరించి, గుడ్డ మీద తొడిగే తొడుగు కుట్టింది. తరవాత కర్టెన్‌కు బదులు పారాచ్యూట్ నైలాన్, పిన్నీసులకు బదులు నొక్కుడు బొత్తాలు వాడింది. కంపెనీలు ఒప్పుకోకపోతే 1949లో తానే న్యూయార్క్‌లోని సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణంలో అమ్మకానికి పెట్టించి, 1951లో హక్కులను 10 లక్షల డాలర్లకు అమ్మింది. వాడి పారేసే కాగితం డైపరు ఆలోచన చెబితే మాత్రం ఏ కంపెనీ చెవిన పెట్టలేదు. అదే రోజుల్లో ఇంగ్లండులో సైనికాధికారి భార్య వాలెరీ హంటర్ గోర్డన్ పాత పారాచ్యూట్ గుడ్డతో తొడుగు కుట్టి, లోపల పారేసే మెత్త పెట్టింది. స్నేహితురాళ్లు అడిగారని కుట్టుమిషను మీద 400కు పైగా కుట్టి ఇచ్చింది. గుడ్డలు ఉతకడం తనకు ఇష్టం లేక ఇది చేశానని ఆమె దాపరికం లేకుండా చెప్పుకుంది.

మగవాళ్లు నడిపే చాలా కంపెనీలకు ఆ అవసరం కనబడటానికి ఇంకో పదేళ్లు పట్టింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో రసాయన ఇంజనీరు విక్టర్ మిల్స్, మనవల గుడ్డలు మార్చే పని తన మీద పడ్డాక, ఈ ఆలోచనను పట్టుకున్నాడు. మొదటి నమూనాను డాలస్ వేసవిలో పరీక్షిస్తే ప్లాస్టిక్ తొడుగులో పిల్లలు ఉడికిపోయారు. దాన్ని మార్చి 1961లో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో పాంపర్స్ పేరుతో అమ్మితే, ఒక్కోటి 10 సెంట్లంటే జనం వెనక్కి తగ్గారు. యంత్రాలు మెరుగుపరిచి ధర 6 సెంట్లకు దించాకే అది నిలదొక్కుకుంది. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచే పిండిపదార్థపు పాలిమర్‌ను తయారుచేసిన ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాల కూడా పియోరియాలోనే ఉండటం విశేషం. అలాంటి పాలిమర్లు 1980ల్లో డైపరులోకి చేరి దాన్ని పలచగా, ఒంటికి పొడిగా మార్చాయి. ఒరుపు తగ్గిందన్న డైపరు ఘనత అక్కడి నుంచే వచ్చింది.

పొడిగా ఉన్నకొద్దీ పిల్లలు ఎక్కువకాలం డైపర్లలో ఉండిపోయారు. పిల్లవాడు తానుగా సిద్ధపడేదాకా తొందరపెట్టవద్దని 1962లో రాసిన పిల్లల డాక్టరు టి. బెర్రీ బ్రేజెల్టన్, 1998లో పెద్దసైజు పాంపర్స్ ప్రకటనలో కనిపించారు. ఆ సలహాలో మంచి లేకపోలేదు. కానీ పాదాల మీద కూచోబెట్టే తల్లి విద్య పనికిరాదన్నట్టు మరుగున పడటం మాత్రం నష్టమే.

చెత్తకుప్పలు పెరిగాక పర్యావరణ లెక్కలు బయటికొచ్చాయి. 1990 ప్రాంతంలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ డబ్బుతో జరిగిన అధ్యయనం రెంటికీ పెద్ద తేడా లేదంది. డైపరు సర్వీసుల సంఘం చేయించినది గుడ్డే మేలంది. కాస్త నమ్మదగిన జవాబు బ్రిటన్ పర్యావరణ సంస్థ ఇచ్చింది. 2008 నాటి దాని లెక్కలో రెండున్నరేళ్లకు పారేసే డైపర్ల కర్బనభారం సుమారు 550 కిలోలు, ఉతికే వాటిది 570. మెషీను నిండా వేసి, ఎండలో ఆరేసి, అవే రెండో బిడ్డకూ వాడితే గుడ్డ భారం 40 శాతం తగ్గుతుంది. ఎండకు కరువులేని తెలుగు నేల మీద ఈ లెక్క గుడ్డ వైపే మొగ్గుతుంది. కాకపోతే ఆరు రోజులు ముసురు పట్టినప్పుడు మంచం పట్టీల మీదా ఫ్యాను కిందా గుడ్డలు ఆరేసి, ఇస్త్రీపెట్టెతో తడి లాగి, సాంబ్రాణి పొగ పట్టించిన ఇళ్లకు ఆ మొగ్గు ఎంత కష్టమో తెలుసు. వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే హైదరాబాదు కాలనీల్లో ఉతకడానికయ్యే నీళ్లే పెద్ద ఖర్చు.

తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాన్ కంపెనీ యూనిచార్మ్ ఫ్యాక్టరీలో ఇప్పుడు డైపర్లు తయారవుతున్నాయి. వాడేశాక వాటి పని ఉతికేవాళ్ల చేతి నుంచి చెత్త ఎత్తేవాళ్ల చేతికి మారింది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు వాడిన డైపరును శానిటరీ వ్యర్థంగా గుర్తించి, చుట్టి వేరుగా ఇవ్వాలనీ, చుట్టే సంచి కంపెనీలే ఇవ్వాలనీ చెప్పాయి. పుణేలో చెత్త ఏరే కార్మికుల సహకార సంఘం 'స్వచ్ఛ్', అలాంటి పొట్లం మీద ఎర్రచుక్క పెట్టి ఇమ్మని ఇంటింటికీ చెప్పి ఒక ఉద్యమమే నడిపింది. తడిచెత్తలో కలిపేసిన డైపరును వట్టిచేత్తో విడదీసే బాధ తప్పించడానికే ఆ చుక్క.

ఈమధ్య నొక్కుడు బొత్తాలతో, నీళ్లు దిగని పూతబట్టతో, లోపల నూలు మెత్తలతో కొత్తరకం గుడ్డడైపర్లు వచ్చాయి. వీటికి మెత్తదనం కోసం కలిపే ద్రవాలు పనికిరావు. ఆ ద్రవాలు వదిలే పొర నూలును కప్పేసి నీళ్లు పీల్చనివ్వదు. నగరాల్లో చాలామంది పగలు ఇవి, రాత్రికీ ప్రయాణాలకూ డైపరు అనే పద్ధతికి వచ్చారు. పనిమనిషితో జీతం మాట్లాడుకునేటప్పుడు చంటిపిల్ల గుడ్డలు చాలా ఇళ్లలో విడి బేరం. కొందరు ఎంతిచ్చినా ఆ పని చెయ్యమంటారు, అలా అనడం వాళ్ల హక్కు. అప్పుడు మలాన్ని ముందు కక్కసులో జాడించి మెషీనులో వేసే పని తల్లి మీద పడుతుంది, కొన్ని ఇళ్లలో తండ్రి కూడా ఆ పనికి చెయ్యి వేస్తున్నాడు.