డైముల నిధి: ఒక ఆరోగ్యధర్మసంస్థ చరిత్రము



రోగనివారణార్థము ధనము గూర్చు సంఘములు లోకమున ననేకములు గలవు. ఆ ధనము ఎవరి చేతినుండి వచ్చినది, ఎవరి మంచముకడకు బోయినది యను రెండు ప్రశ్నలకు దాచక సమాధానము చెప్పగలిగిన సంఘమే గౌరవపాత్రమని మా యభిప్రాయము. ఇందులకు నిదర్శనముగా అమెరికాదేశమున పోలియో యను శిశుపక్షవాతముతో బోరాడిన యొక సంస్థ వృత్తాంతమును విన్నవింతుము.

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు 1921వ సంవత్సరమున, ముప్పదితొమ్మిదవ యేట, కాళ్ల సత్తువ గోల్పోయెను. వైద్యులు పోలియో యని నిర్ణయించిరి. ఆయన 1926లో జార్జియా రాష్ట్రమందలి వార్మ్ స్ప్రింగ్స్ అను ఉష్ణజలస్థానమును గొని, అట్టి రోగులకు చికిత్సాలయముగా నొనర్చెను. ఆయన దేశాధ్యక్షుడైన పిదప, 1934 మొదలుకొని ఆయన జన్మదినమగు జనవరి 30వ తేదీన ఊరూర నృత్యోత్సవములు జరిపి ధనము గూర్చిరి. తొలియేటనే పదిలక్షల డాలర్లకు మించి వచ్చెను.

1938లో ఈ కార్యమునకై జాతీయసంస్థ యేర్పడెను. బేసిల్ ఓకానర్ అను న్యాయవాది దాని కధిపతి. ఆ యేడే ఎడ్డీ కాంటర్ అను హాస్యనటుడు ప్రతివారును ఒక్కొక్క డైమును అధ్యక్షునికే పంపుడని రేడియోలో గోరెను. డైమనగా డాలరులో పదియవవంతు. టపాలో 26,80,000 డైములు, అనగా 2,68,000 డాలర్లు, అధ్యక్షభవనమునకు జేరెను. బిందువు బిందువు గూడి సింధువగు ననుట కింతకంటె సాక్ష్యమేమి?

ఇక వ్యయక్రమము. స్థానికశాఖలు తాము గూర్చినదానిలో సగము తమయొద్ద నుంచుకొని, ఆ ప్రాంతపు రోగుల చికిత్సకు వెచ్చించెడివి. తక్కినది కేంద్రమునకు బోయి, పరిశోధనాదులకు వినియోగపడెను. ఆ సాయముతోనే జోనాస్ సాల్క్ టీకాను సాధించెను. 1954లో సుమారు పదునెనిమిది లక్షల బాలబాలికలు దాని పరీక్షలో పాల్గొనిరి. 1955 ఏప్రిల్ 12న అది సఫలమని ప్రకటింపబడెను. నోటవేయు చుక్కలను గనుగొన్న ఆల్బర్ట్ సాబిన్‌కును ఈ నిధి తోడ్పడెను.

అయినను ఈ చరిత్రమున నొక కళంకము గలదు. నల్లజాతివారును డైముల నిచ్చిరి. కాని వార్మ్ స్ప్రింగ్స్ ద్వారము వారికి మూయబడియుండెను. విమర్శలు చెలరేగగా, సంస్థ ధనమిచ్చి 1941లో టస్కీగీయందు వారికి వేఱు చికిత్సాలయము తెఱపించెను. ఇది తప్పును గొంత దిద్దినదేగాని, వేఱుపంక్తి వేఱుపంక్తియే.

భారతదేశమున సహజవైరసువలని కడపటి పోలియోరోగము 2011 జనవరిలో పశ్చిమబంగాళమున గానవచ్చెను. 2014 మార్చిలో మనదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ధ్రువీకరింపబడెను. మన బిడ్డల నోటబడిన చుక్కలలో ఆ దూరదేశపు డైముల పాలును గలదు. ఆ డైము నిచ్చిన బాలుడు మన కులమేదియని యడుగలేదు.

కావున మనవారు వైద్యనిధి నెలకొల్పునపుడు మూడు విషయములు తలపవలెనని మా మనవి. గొప్పవారి విరాళములతోబాటు ప్రతి గృహమునుండి చిన్న నాణెమైనను రావలెను. దాతల పేర్లు శిలాఫలకములపై జెక్కించుటకు ముందు జమాఖర్చులు ఏటేట మహాసభలో జదువవలెను. రోగియై వచ్చినవాని నే కులమువాడని యడుగక చేర్చుకొనవలెను. మూడవది కొందఱకు రుచింపకపోవచ్చును. మన బిడ్డలు పొందిన యుపకారమును దలచినచో నది దానము గాదు, ఋణవిమోచనమే యగును.

ఇతి శమ్.