‘జింజిబర్’ శబ్దమూలము

అల్లము చేరిన ప్రజాతికి వృక్షశాస్త్రమున ‘జింజిబర్’ అని పేరు. లిన్నేయస్ 1753లో ఈ మొక్కను ‘అమోమమ్ జింజిబర్’ అనెను. విలియం రాస్కో 1807లో ‘జింజిబర్ అఫిసినాలే’ అని వ్యవహరించెను. నేటికిని అదియే ప్రమాణము. ఈ శబ్దము వారు కల్పించినది కాదు, లాటిను నుండి గ్రహించినది. క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమను రచయిత ప్లినీ ‘జింగిబెరి’ అనియు, గ్రీకు వైద్యుడు డియాస్కొరిడీసు ‘జింగిబెరిస్’ అనియు వ్రాసిరి. గ్రీకులకు ఈ పేరు భారతీయ వర్తకద్రవ్యముతోడనే చేరినది. పాలిభాషలోని ‘సింగివేర’ దీనికి మిక్కిలి సన్నిహితము. అరబ్బీ ‘జంజబీల్’, ఆంగ్లము ‘జింజర్’ కూడ ఈ కుదుటివే.

ఇంతవరకు సుగమము. ‘సింగివేర’ శబ్దమునకు మూలమేది యనునదియే విచార్యము. సంస్కృతమున ‘శృంగవేరము’ కలదు. కొమ్మువంటి దేహము కలది యని దానికి వ్యుత్పత్తి చెప్పుదురు. వేరశబ్దమునకు దేహమను అర్థము నిఘంటువులలో నున్నది. శొంఠికొమ్ము, పసుపుకొమ్ము అను మన వాడుకయు ఈ వ్యుత్పత్తికి బలము చేకూర్చునట్లు తోచును.

అయినను ఇది నిలువదు. శృంగశబ్దము పాలిలో ‘సింగ’ యగును. కావున ‘సింగవేర’ యను రూపము రావలెను. ‘సింగివేర’ లోని ఇకారమునకు శృంగశబ్దమువలన సమాధానము లభింపదు. ద్రావిడ భాషలవైపు చూచినచో రెండు భాగములును విశదమగును. తమిళ మలయాళములలో అల్లమునకు ‘ఇంజి’ యని పేరు. ‘వేర్’ అనగా మూలము. తెలుగున ‘వేరు’, కన్నడమున ‘బేరు’. ‘ఇంజి’కి పూర్వరూపమున పదాది చకారముండి లోపించినదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. ఇట్టి లోపము అపూర్వము కాదు. ఇచ్చుట యను అర్థమున కుడుఖు భాషలో ‘చి’, కోండభాషలో ‘సీ’ అను ధాతువులుండగా, తెలుగున ‘ఈ’ మాత్రమే మిగిలినది.

వృక్షశాస్త్రరీత్యా అల్లము వేరు కాదు, భూగర్భకాండము. కాని లోకము దానిని వేరుగనే యెంచినది. అల్లము మిరియపుమొక్క వేరని కొందరు భ్రమపడిరని ప్లినీయే చెప్పి, ఆ భ్రమను ఖండించెను.

కావున ‘శృంగవేరము’ మూలము కాదు. ద్రావిడ పదమునకు సంస్కృతము తొడిగిన రూపము. కొమ్ముతో నున్న ఆకారసామ్యము ఆ మార్పునకు దోహదమైనది. తెలుగున ‘ఇంజి’ లేదు, ‘అల్లము’ కలదు. అయినను ‘జింజిబర్’ ఉత్తరార్ధము మన నిత్యవ్యవహారమున ‘వేరు’గా జీవించియే యున్నది. ఒక పదమునకు సంస్కృతరూపము కానవచ్చినంతనే దానిని తత్సమముగా నెంచి విచారణను ముగించుట తగదని పరిశోధకులు దీనివలన గ్రహింపదగును.